చేసింది ఎవరో, పస్తు మనమా?

చిరంజీవులైన నా మనవలకు, వాళ్లతో ఆడుకునే పిల్లలందరికీ,
విజయవాడ నుంచి తాతయ్య దీవెనలు.

లోకశాంతి కోసం 2025 ఆగస్టు 22, శుక్రవారం నాడు అందరూ ఉపవాసముండి ప్రార్థించాలని పోప్ లియో గారు కోరిన సంగతి మీ నానమ్మ ఫోనులో చెప్పగానే, మీలో చిన్నది ఒక ప్రశ్న వేసింది: "యుద్ధం చేసేది ఎవరో, పస్తుండేది మనమా?" ఆ పూట ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. అది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మన కాలువల సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు మా ఇల్లు ఏలూరు కాలువ గట్టున ఉండేది. కాలువ నిండుగా పారేది, పడవలు తిరిగేవి. నీళ్లు పారుతున్నంత కాలం అంతా బాగున్నట్టే ఉండేది. వేసవి రాగానే బ్యారేజీ దగ్గర తలుపులు దించి కాలువలు కట్టేసేవారు. ఇప్పటికీ కట్టేస్తారు. నాలుగు రోజులకల్లా అడుగు బయటపడేది. పగిలిన కుండలు, పుచ్చిన పడవ చెక్కలు, గుర్రపుడెక్క వేళ్లు, ఎవరిదో ఒంటి చెప్పు, వాటి మధ్య గుంటల్లో కొట్టుకుంటున్న జెల్లలు. ఆ చేపల కోసం పిల్లలం మోకాటి లోతు బురదలోకి దిగేవాళ్లం. అమ్మ గట్టు మీద నిలబడి కేకలు వేసేది. బురద ఎండి పెచ్చులు కట్టాక కూలీలు పారలూ తట్టలూ పట్టుకుని దిగి పూడిక తీసేవారు.

ఉపవాసమంటే నాకు ఆ తలుపులు దించడమే. తినడం, సంపాదించడం, గెలవడం ఆగకుండా పారుతుంటే అడుగున ఏం పేరుకుందో కనబడదు. ఒక్క పూట ఆపితే కనబడుతుంది. దేశమంతా ఒకే రోజు ఎందుకంటారా? ఎవరి ఇంటి ముందు వాళ్లు కాలువ కట్టుకోవడం కుదరదు కదా! మన వాకిట్లో పూడిక తీసుకున్నా పైనుంచి కొట్టుకొచ్చేది మళ్లీ చేరుతుంది. తలుపులు పైన దించాలి, అందరూ దిగాలి. అయితే దిగకుండా గట్టు మీదే నిలబడి "ఆ కుండ మాది కాదు, ఎదురింటివాళ్లది" అని వాదించే పెద్దలు కూడా ఉండేవారు. వాళ్ల వాదన తెగేలోపు నీళ్లు వదిలేసేవారు. కుండ అక్కడే మునిగిపోయేది.

గట్టు మీద నిలబడిన ఉపవాసాలూ ఉన్నాయి. 1857లో మన సిపాయిలు తిరగబడినప్పుడు బ్రిటన్‌లో విక్టోరియా రాణి అక్టోబరు 7ను ఉపవాస దినంగా ప్రకటించింది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో స్పర్జన్ అనే బోధకుడి ప్రసంగానికి 23 వేల మందికి పైగా వచ్చారు. ఆ రోజు ఎక్కువమంది వేడుకున్నది మన దేశంలో తిరుగుబాటు అణగాలనే. మన దేశాన్ని ఏలుతున్న ఈస్టిండియా కంపెనీ ఇక్కడ చేసిన అన్యాయాలను ఎత్తిచూపిన బోధకులూ కొందరున్నారు. వాళ్లకు నా నమస్కారం.

మరి ఆరేళ్లకు అమెరికాలో చూడండి. బానిసత్వం మూలంగా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకుంటున్నాయి. చట్టసభ సెనేట్ కోరగా అధ్యక్షుడు లింకన్ 1863 ఏప్రిల్ 30ని ఉపవాస ప్రార్థనలకు కేటాయించాడు. ఆ ప్రకటనలో అవతలివాళ్లను నిందించే మాట లేదు. సిరిసంపదలు పెరిగాయి, ఇచ్చిన దేవుణ్ణి మరిచాం, అంతా మన గొప్పే అనుకున్నాం, ప్రార్థించలేనంత గర్వం తలకెక్కింది, ఈ యుద్ధం మన పాపాలకు శిక్షేనేమో అని ఉంది. యుద్ధం మధ్యలో ఒక పాలకుడు ఇలా బురదలోకి దిగడం చిన్న విషయం కాదు.

దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ కూడా అదే ఏడు మార్చి 27న తన ప్రజల చేత ఉపవాసం చేయించాడు. ఇద్దరిదీ ఒకే దేవుడు. ఆయన ఎవరి మాట వినాలి? 1865 మార్చి 4న, రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు ప్రసంగంలో, లింకనే ఆ ముడి విప్పబోయాడు. ఇరువైపుల ప్రార్థనలూ నెరవేరడం కుదరదన్నాడు, ఏ ఒక్కరిదీ పూర్తిగా నెరవేరలేదన్నాడు. బానిసత్వమనే పాపానికి ఉత్తరాదీ దక్షిణాదీ కలిసి శిక్ష అనుభవిస్తున్నాయేమో అన్నాడు. ఉపవాసముంటే యుద్ధం ఆగిపోతుందని నేను మీకు చెప్పను. ఆ ఏప్రిల్ ఉపవాసం తర్వాతే గెటిస్‌బర్గ్‌లో వేలమంది చనిపోయారు. యుద్ధం ఇంకో రెండేళ్లు సాగింది.

నేను చిన్నప్పుడు చూసిన దేశ ఉపవాసం వేరు. అది 1965. ఒకవైపు పాకిస్తాన్‌తో యుద్ధం, ఇంకోవైపు కరువు. అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూడవలసిన రోజులు. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్ని కోరారు. హోటళ్లు కూడా ఆ సాయంత్రాలు మూసేవారు. మా అమ్మ సోమవారం మధ్యాహ్నమే పొయ్యి అలికి ముగ్గు వేసేసేది. పిల్లలకు మజ్జిగ, ఒక అరటిపండు. పక్కింటి సాయిబు గారింట్లోనూ, ఎదురింటి కోమట్ల ఇంట్లోనూ పొగ లేచేది కాదు. ఎవరి దేవుడికి వాళ్లు దండం పెట్టుకుని పడుకునేవాళ్లం. ఆకలికి నిద్ర పట్టక, ఈ పూట మన వీధిలో ఇంకెవరు మేలుకుని ఉన్నారో అని ఆలోచించేవాణ్ణి. అంతకుముందు నాకు ఆ ఆలోచనే రాలేదు.

బైబిల్లో నీనెవె నగరం కథ మీకు తెలుసు. నలభై రోజుల్లో ఊరు నాశనమవుతుందని యోనా ప్రవక్త చాటితే, రాజు సింహాసనం దిగి, గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. చేతులతో చేస్తున్న దౌర్జన్యం మానమని ప్రజలకు చెప్పాడు. అంతటితో ఆగక ఎద్దులూ గొర్రెలూ కూడా మేత మేయకూడదన్నాడు! అవేం పాపం చేశాయి? ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే. ఒక్కటి మాత్రం తెలుస్తుంది. ఊరు చేసిన తప్పు ఊళ్లో అందరికీ తగులుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు మన విజయవాడలో సింగ్‌నగర్‌ను ముంచింది కదా, ఆ ఏటి దారిని ఏళ్ల తరబడి ఇరుకు చేసింది ఫలానావాడని ఒక్కరి పేరు చెప్పగలమా? కట్టినవాళ్లున్నారు, చెత్త వేసినవాళ్లున్నారు, చూస్తూ ఊరుకున్న మనమంతా ఉన్నాం. మునిగినవాళ్లలో ఏ తప్పూ చేయని పసిబిడ్డలూ ఉన్నారు.

మీది ఎదిగే వయసు, కటిక ఉపవాసాలు వద్దు. శుక్రవారం సాయంత్రం చిరుతిండి ఒక్కటి మాని, ఆ డబ్బు ఆకలిగా ఉన్నవాళ్లకు ఇవ్వండి. వేసవి సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు, కాలువలు కట్టేశాక, పొద్దున్నే వంతెన మీదికి వెళ్లి అడుగు చూడండి. మన ఇంటి నుంచి వెళ్లిన వస్తువు ఏదైనా కనిపిస్తే, అదేమిటో వచ్చి నాకు చెప్పండి.

మీ తాతయ్య