పెద్దనాయన వెన్నెముక, గళ్ళ లెక్క

మా పెద్దనాయన మెడ తిప్పలేడు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతాడు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఆ వయసువాళ్ళలో ఇది కొత్తేం కాదు. బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే ఎముక మందమవుతుంది. ఎముకల మధ్య సాగుతూ ఉండాల్సిన లిగమెంట్లకు కూడా సున్నం పట్టి, అవీ ఎముకలాగే బిగుసుకుపోతాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, కానీ పాత నీళ్ళతో పెరిగిన బొక్కలు అట్లాగే ఉన్నాయి.

పోయిన ఎండాకాలం కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటే వెన్నెముకకు సీటీ స్కాన్ తీయించాం. వంగిన నడుంతో వెల్లకిలా పడుకోవడమే ఆయనకు పెద్ద పని అయింది. తల కింద రెండు, మోకాళ్ళ కింద ఒకటి దిండ్లు పెట్టి పడుకోబెట్టారు. ఇంటికొచ్చాక ఫిల్మును వాకిట్లో వెలుతురుకు పట్టి చూసి, "ఇవన్నీ నా బొక్కలేనా బిడ్డా? ఇట్ల ముక్కలు ముక్కలుగ కోసిండ్రేంది?" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. కత్తి లేకుండా కోయడమే సీటీ చేసే పని. ఎక్స్‌రే గొట్టం ఒంటి చుట్టూ తిరుగుతూ అన్ని కోణాల నుంచీ నీడలు తీస్తుంది. ఆ నీడలన్నిటినీ కలిపి లెక్కకడితే లోపల ఏ చోట ఏముందో తేలుతుంది. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో 1971లో లండన్‌లో మొదటి రోగి మెదడును ఇలా చూశారు. ఆ బొమ్మలో అడ్డంగా 80, నిలువుగా 80 గళ్ళు. ఇప్పుడు ఒక్కో ముక్కలో 512×512. ఒక స్కాన్‌లో 600 ముక్కలుంటే సుమారు 15.7 కోట్ల గళ్ళు, ప్రతి గడిలో, ఆ చోట ఎక్స్‌రే ఎంత ఆగిందో చెప్పే ఒక అంకె. నీళ్ళకు సున్నా, గాలికి మైనస్ 1000, కొవ్వుకు మైనస్ 100 దగ్గర. ఎముకకు వందల్లో మొదలై, గట్టి చోట్ల వెయ్యి కూడా దాటుతుంది.

పోచంపల్లి చీర డిజైన్ కూడా ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళల్లోనే పుడుతుంది. నేతకు ముందే పోగుకు రంగు అద్దుతారు కాబట్టి, ఆ పోగు వెంట్రుకవాసి జరిగినా పువ్వు అంచు కాస్త చెదిరినట్టు వస్తుంది. చీరకు అదే అందం. స్కాన్‌లో మాత్రం అదే ఇబ్బంది. ఒక గడిలో సగం ఎముక, సగం కండ పడితే దానికి వచ్చే అంకె ఎముకదీ కాదు, కండదీ కాదు. ముక్క మందమయ్యేకొద్దీ ఈ మసక పెరుగుతుంది. 5 మి.మీ. ముక్కలతో కట్టిన వెన్నెముక మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, మి.మీ. లోపు ముక్కలైతే నున్నగా వస్తుంది. మెడలో వెన్నుపాము పోయే దారి ముందునుంచి వెనక్కి మామూలుగా 17 మి.మీ. అటూఇటూ ఉంటుంది. 10కి తగ్గిందంటే డాక్టర్లకు టెన్షన్. వంగిన వెన్నెముకను యంత్రం ఏటవాలుగా కోస్తుంది కాబట్టి, మందపు ముక్కల్లో ఆ కొలతే తప్పిపోవచ్చు. అందుకే ఫిల్ముతో సరిపెట్టుకోకుండా, సన్న ముక్కలున్న సీడీ అడిగి తెచ్చుకొమ్మని నేను అందరికీ చెబుతుంటాను.

ఈ గళ్ళ నుంచి ఆకారాన్ని తీసే ఉపాయం 1987లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే లోరెన్సెన్, క్లైన్ ప్రకటించారు. పక్కపక్కన ఉన్న ఎనిమిది గళ్ళను ఒక చిన్న పెట్టెకు మూలలనుకోండి. ప్రతి మూలా ఎముక లోపలైనా ఉండాలి, బయటైనా ఉండాలి. మొత్తం 256 రకాలు. తిప్పి చూసినా, లోపలా బయటా తారుమారు చేసి చూసినా ఒకటే అయ్యేవాటిని కలిపేస్తే 15 మిగులుతాయి. ఏ రకానికి ఏ త్రిభుజాలు అతికించాలో పట్టిక ముందే సిద్ధం. పెట్టె తర్వాత పెట్టె దాటుకుంటూ పోతే లక్షల త్రిభుజాలతో ఎముక పైపొర తయారవుతుంది. ఇంత పెద్ద పనిని 15 బొమ్మల పట్టికలో ఇమిడ్చిన తెలివి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెద్దనాయన సీడీ వేసి, 200 దాటిన గడి ఎముక అని చెప్పాను. పూసలు విడివిడిగా రాలేదు. సున్నం పట్టిన లిగమెంటుకూ ఎముక అంకే వస్తుంది మరి. మెడ నుంచి నడుం దాకా చింత మొద్దులా ఒకటే ముద్ద.

గడిలోని అంకెను మాత్రమే నమ్మితే వచ్చే ఇలాంటి చిక్కుకు విరుగుడుగా 1990లలో మాంచెస్టర్‌లో కూట్స్, టేలర్ ఒక దారి వేశారు. ఎంతోమంది ఒళ్ళ నుంచి సగటు ఆకారాన్నీ, అది మనిషి మనిషికీ ఎటెటు మారుతుందో కూడా కంప్యూటర్‌కు నేర్పుతారు. కొత్త స్కాన్ వస్తే ఆ సగటునే సాగదీసి, వంచి అమరుస్తుంది. అంచు మసకగా ఉన్నచోట తనకు తెలిసిన దానితో పూరిస్తుంది. మామూలు వెన్నెముకకు ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ నేర్చుకున్న స్కాన్‌లలో ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఉన్న మనిషి ఒక్కడూ లేకపోతే? సందు లేనిచోట సందు గీస్తుంది, ఇరుకైన దారిని వెడల్పు చేసి చూపిస్తుంది. ఆ బొమ్మ చూసి ఆపరేషన్‌కు కొలతలు వేస్తే నష్టపోయేది మా పెద్దనాయనలాంటివాళ్ళే. సగటు మనిషి ఎవరన్నది, ఎవరెవరి స్కాన్‌లు చూపించామన్న దాన్ని బట్టి ఉంటుంది. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వెన్నెముకలు, వాళ్ళ ఒప్పుకోలుతో, పేర్లు తీసేసి, ఆ లెక్కలోకి ఎక్కాలి. ఇది ఇక్కడివాళ్ళు చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

మెడలో ఏడు పూసలు. రెండు రాత్రులు కూర్చుని, ఒక్కో ముక్కలో అంచులు మౌసుతో గీసి వాటిని విడదీశాను. ఐదో పూసకూ ఆరో పూసకూ మధ్య గీత పెట్టడానికి ఎక్కడా చోటు దొరకలేదు. వాటిని కలిసిపోయినట్టే ఉంచాను. తెల్లారి పెద్దనాయన నా ఫోన్ తీసుకుని ఆ మెడను వేలితో అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెనక్కి తిప్పి చూశాడు. ఐదు, ఆరు దగ్గర వేలు ఆపి, "ఇగో, ఈడనే పట్టుకున్నది" అన్నాడు.