ఎయిర్ పిస్టల్ కొనేముందు: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మొన్న శనివారం పొద్దున్నే పరకాల నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. "సార్, పత్తి పైసలు వచ్చినయ్. మోరినీ తీసుకోవాల్నా, స్టెయిర్ తీసుకోవాల్నా? ఏది కొంటే మా బిడ్డ నేషనల్స్ ఆడుతది?"

మోరినీ, స్టెయిర్ రెండూ విదేశీ పిస్టల్ కంపెనీలు. ఆ పాప మా షూటింగ్ రేంజికి రావడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. ట్రిగ్గర్ లాగేటప్పుడు మణికట్టు ఇంకా కదులుతోంది. ఆ తండ్రి మీద నాకు కోపం రాలేదు. ఏనుమాముల మార్కెట్‌లో బస్తాల పక్కన రాత్రి పడుకుని అమ్ముకున్న పత్తి తాలూకు డబ్బు అది. నా కోపమంతా ఆయనకు ఈ ప్రశ్న నేర్పినవాళ్ల మీద. హనుమకొండలో పిల్లలకు పిస్టల్ నేర్పుతూ, వాళ్ల పిస్టళ్లు విప్పి బాగుచేస్తూ పదకొండేళ్లు గడిచాయి. ఇదే ప్రశ్న నెలకు మూడుసార్లయినా వింటాను. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ఖరీదైన పిస్టల్ కొంటే స్కోరు పెరుగుతుంది

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఈ ఒక్క నమ్మకం వల్లే, కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

టార్గెట్ మధ్యలో పది పాయింట్లు వచ్చే టెన్ రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్, అంటే మనం కాల్చే చిన్న గుండు, 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు గీతను తాకినా ఎక్కువ పాయింట్లున్న రింగే లెక్క. అంటే పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల లోపు పడితే పది వచ్చినట్టే. ఇప్పుడు స్టెయిర్ ఈవో 10, మోరినీ 162, వాల్తర్ ఎల్‌పీ 500, ఫైన్‌వెర్క్‌బావ్ పీ8ఎక్స్, పార్డినీ కే12, వీటిలో దేన్నయినా కదలకుండా వైస్‌లో (బల్లకు బిగించే ఇనుప పట్టులో) బిగించి మంచి పెల్లెట్లతో ఐదు షాట్లు కొట్టండి. రంధ్రాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కాగితం మీద కనిపించేది దాదాపు ఒకే రంధ్రం. టెన్ రింగులో ఇంకా బోలెడంత చోటు మిగులుతుంది. అన్నీ పదే కొట్టగలిగినప్పుడు, వీటిలో ఏది ఎక్కువ కచ్చితం అన్న చర్చ మన పిల్లలకు దేనికి?

మరి పాయింట్లు పోయేది ఎక్కడ? గురి చూడటానికి పిస్టల్ వెనుక గాడిలా ఉండే రియర్ సైట్‌కూ, ముందు చివర ఉండే ఫ్రంట్ సైట్‌కూ మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. టార్గెట్ ఉండేది 10 మీటర్ల దూరంలో, అంటే దానికి 30 రెట్లు. రియర్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, టార్గెట్ దగ్గర అది 30 మిల్లీమీటర్లు అవుతుంది. పది కావాల్సిన షాట్ ఏడులో పడుతుంది. అదే, సైట్లు రెండూ సరిగ్గా కుదిరి ఉండి, చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు ఊగితే టార్గెట్ మీద కూడా ఒక మిల్లీమీటరే తేడా. అది పదిలోనే ఉంటుంది. చెయ్యి వణుకుతోందని ఏడ్చే పిల్లలకు ముందు ఈ లెక్క చూపిస్తాను. వాళ్ల ముఖాల్లో వచ్చే ఊరట చూడాలి. వణుకు అందరికీ ఉంటుంది. పాయింట్లు తినేది ట్రిగ్గర్ లాగే క్షణంలో సైట్లు చెదరడం. దాన్ని ఏ కంపెనీ పిస్టలూ ఆపలేదు.

ఆపగలిగేది కొంతవరకు గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే పిడి. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

నర్సంపేట వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. మా రేంజిలోని పాత సింగిల్ స్ట్రోక్ పిస్టల్‌తో, ప్రతి షాట్‌కూ లివర్ లాగి మూసే దాంతో, 600కు 535 దాకా కొట్టేది. ఇంట్లోవాళ్లు అప్పు చేసి కొత్త దిగుమతి పిస్టల్ తెప్పించారు. దాంతో మొదటి మ్యాచ్‌లో 519. రెండో మ్యాచ్‌లో 516. వాళ్లమ్మ రేంజి బయట మెట్ల మీద కూర్చుని "మేమే ఏదో తప్పు చేసినం సార్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

నేను పిస్టల్ పక్కనపెట్టి, ముందు పాప చెయ్యి చూశాను. అమ్మినవాళ్లు మీడియం గ్రిప్ పంపారు, ఆమెది స్మాల్ కంటే చిన్న చెయ్యి. అడిగితే "అలవాటవుతుంది" అన్నారట. అలవాటవలేదు. వేలు ట్రిగ్గర్‌కు అందక, అరచేతిని కుడివైపుకు తిప్పి పట్టుకునేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న గుంట గ్రిప్ వెనుక మధ్యలో కూర్చోవాలి, ఆమెకు అది పక్కకు పోయింది. ట్రిగ్గర్‌ను వెనక్కి లాగాల్సిన వేలు ఎడమకు నెడుతోంది. షాట్లన్నీ ఎడమ కిందికి, ఎనిమిదిలో కుప్పగా.

ఆమె అరచేతికి టాల్కం పౌడర్ రాసి గ్రిప్ పట్టుకోమన్నాను. చెయ్యి తీసి చూస్తే గ్రిప్ మీద చిటికెన వేలి కింద, అరచెయ్యి మధ్యభాగం ఆనే చోట పౌడర్ అసలు అంటలేదు. అంటే అక్కడ ఖాళీ. బొటనవేలి మొదట్లో మాత్రం మందంగా అంటింది. ఒత్తిడంతా అక్కడే. అంటిన చోట ఆకురాయితో కొంచెం కొంచెం రాశాం, ఖాళీ ఉన్నచోట వుడ్ పుట్టీ పెట్టి, ఆరాక ఉప్పు కాగితంతో నున్నగా చేశాం. మూడు సాయంత్రాలు పట్టింది. ట్రిగ్గర్ బ్లేడును వెనక్కి జరిపి బిగించాను. కింద ఉండే పామ్ షెల్ఫ్‌ను చేతికి ఆనేలా సర్దాను. రెండు నెలలకు 548. పిస్టల్ అదే, చెయ్యి అదే.

అందుకే పిస్టళ్ల మధ్య పోలిక అడిగితే నేను ముందు గ్రిప్ సైజు అడుగుతాను. ఎక్స్‌ట్రా స్మాల్, స్మాల్, మీడియం, లార్జ్, వీటిలో మీ పిల్లది ఏది? కాగితం మీద చెయ్యి పెట్టి, వేళ్లు కొద్దిగా ఎడం చేసి, పెన్సిల్‌తో గీసి కొలతలు తీయండి. ఆ తర్వాత బరువు. రూలు ప్రకారం 1500 గ్రాముల దాకా అనుమతి ఉంది. పన్నెండేళ్ల పిల్లకు అందులో సగానికి కొంచెం ఎక్కువున్నా చాలు. షార్ట్ మోడళ్లు ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. ఆ తర్వాతే మిగతా తేడాలు. స్టెయిర్‌లో షాట్ కొట్టినప్పుడు కుదుపును తగ్గించే చిన్న అబ్జార్బర్ ఉంటుంది. మోరినీ 162లో అది లేదు, అయినా దాంతో ఆడేవాళ్లు అంతర్జాతీయ స్థాయిలో ఎంతోమంది ఉన్నారు. 570 దాటిన షూటర్‌కు ఈ తేడా చేతికి తెలుస్తుంది. 540 లోపు వాళ్లకు తెలియదు, తెలిసిందని చెప్పినా నేను నమ్మను.

పరకాల తండ్రికి ఇదే చెప్పాను. ఇంకో ఆరు నెలలు రేంజి పిస్టల్ చాలు. ఆ పత్తి డబ్బులో కొంత పెల్లెట్లకు, కొంత పోటీలకు హైదరాబాద్ వెళ్లిరావడానికి దాచమన్నాను. "అట్లనే సార్" అన్నాడు, కానీ గొంతులో ఇంకా అనుమానం ఉంది. ఆదివారం పాపతో రమ్మన్నాను, చెయ్యి కొలుద్దాం.

అపోహ: సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే అదృష్టమే

దొరకవచ్చు. ముందు, పెల్లెట్‌ను నెట్టే గాలి నింపే సిలిండర్ మీద తేదీ చూడండి. గాలి సిలిండర్‌లో 200 బార్ పీడనం ఉంటుంది, కారు టైరులో ఉండేదానికి దాదాపు తొంభై రెట్లు. తయారైన తేదీ నుంచి పదేళ్లు దాని ఆయుష్షు. సిలిండర్ గడువులో ఉండేలా చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల్లోనే ఉంది.

ఒకసారి మా అబ్బాయికి తక్కువలో వచ్చిందని నేనే ఒక పాత పిస్టల్ ఇప్పించాను. బ్యారెల్ చూశాను, ట్రిగ్గర్ చూశాను, సిలిండర్ తేదీ చూడలేదు. పోటీ రోజు పరికరాలు తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో టేబుల్ దగ్గరున్నాయన సిలిండర్ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. పదకొండో ఏడు నడుస్తోంది. వేరేవాళ్ల దగ్గర సిలిండర్ అడిగి తెచ్చేసరికి అబ్బాయి చేతులు చల్లబడిపోయాయి. ఆ రోజు వాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి ఎవరు పాత పిస్టల్ తెచ్చినా ముందు సిలిండర్ విప్పుతాను. కొత్త సిలిండర్ల ఖర్చు కలుపుకుని చూడండి, "చవక" ఎంత మిగులుతుందో తెలుస్తుంది. ఇంకో మాట: సిలిండర్ మరలకు, వాల్వ్‌కు ఇంట్లో ఉన్న నూనె, గ్రీజు పూయకండి. ఎంత చెప్పినా ఎవరో ఒకరు పూసుకొస్తారు.

అపోహ: ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ మధ్యలో ఆగిపోతుంది, అది వద్దు

టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 జూలైలో, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఈవెంట్‌లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయిన మాట నిజం. 575 కొట్టి ఫైనల్‌కు కొద్దిలో దూరమైంది. పారిస్‌లో 2024లో అదే ఈవెంట్‌లో ఆమె కాంస్యం గెలిచింది. యంత్రం ఏదైనా చెడిపోవచ్చు, మెకానికల్ ట్రిగ్గర్‌లో స్ప్రింగులూ విరుగుతాయి. రెంటికీ రూలు ఒకటే: ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఆపాలి. పోటీలో బరువు కట్టి చూస్తారు. 500 దగ్గర ఆనించి పెట్టకండి, 510 దాకా పెట్టుకోండి. టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: టర్కీ ఆయనకు ఏ పరికరాలూ అక్కర్లేకుండానే మెడల్ వచ్చింది

పారిస్‌లో యూసుఫ్ డికేచ్ మిక్స్‌డ్ టీమ్ రజతం గెలిచిన ఫొటో ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆయన షూటింగ్ అద్దాలు పెట్టుకోలేదు, మామూలు కళ్లజోడు పెట్టుకున్నాడు, అంతే. చేతిలో ఉన్నది మిగతావాళ్ల చేతుల్లో ఉన్నలాంటి మ్యాచ్ పిస్టలే. వెనుక ఉన్నది ఏళ్ల సాధన. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోవడం స్టైల్ అనుకుంటారు. పిస్టల్ షూటర్లు దాదాపు అందరూ ఖాళీ చేతిని జేబులోనో, బెల్టుకో ఆనించి పెడతారు, ఒళ్లు ఊగకుండా.

మిగతావి త్వరగా

లైసెన్స్ కావాలంటారు. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జూల్స్ లోపు శక్తి ఉంటే అక్కర్లేదు. మన పిస్టల్ అర గ్రాము పెల్లెట్‌ను సెకనుకు 150 మీటర్ల వేగంతో పంపితే వచ్చేది ఆరు జూల్స్ లోపే. కొనేటప్పుడు గుర్తింపు, చిరునామా పత్రాలు ఇవ్వాలి, బిల్లు దాచుకోవాలి. బస్సులో, రైల్లో కేస్ లోంచి బయటికి తీయకూడదు. ఐనవోలు జాతరలో బుగ్గలు కాల్చే తుపాకీతో దీన్ని పోల్చేవాళ్లకు ఒకటే చెబుతాను, కంటికి తగిలితే కన్ను పోతుంది. బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (పిస్టల్ ఖాళీగా ఉందని చూపే రంగు తీగ) లేకుండా మా రేంజిలో ఏ పిస్టల్ టేబుల్ మీద ఉండదు.

పెల్లెట్ల బ్యాచ్ టెస్టింగ్, అంటే ఏ బ్యాచ్ మన పిస్టల్‌కు బాగా కుదురుతుందో కొట్టి చూడటం, ఇప్పుడే వద్దు. ఒకే డబ్బా వాడండి, అంచు నొక్కుకుపోయినవి తీసేయండి, చాలు.

ఇంట్లో డ్రై ఫైర్ చేస్తే, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ లాగి సాధన చేస్తే, పిస్టల్ పాడవుతుందంటారు. మ్యాచ్ పిస్టళ్లలో అందుకోసమే డ్రై ఫైర్ సదుపాయం ఉంటుంది. ముందు ఖాళీగా ఉందో లేదో చూసుకుని, ఖాళీ గోడ వైపు రోజూ ఇరవై నిమిషాలు చేయండి.

ఇక కళ్లజోడు. "బిడ్డకు సైటు వచ్చింది సార్, ఇగ ఆట బంద్ చేయించాల్నా?" అని దిగులుగా అడిగే తల్లులు చాలామంది. బంద్ చేయించకండి. పిస్టల్‌లో కన్ను నిలవాల్సింది ఫ్రంట్ సైట్ మీద. టార్గెట్ మసకగా కనిపించడమే సరైన పద్ధతి. మా దగ్గర మైనస్ రెండున్నర ఉన్న అబ్బాయి హాయిగా ఆడుతున్నాడు. పాప చెయ్యి చాచి పిస్టల్ పట్టుకున్నప్పుడు కంటి నుంచి ఫ్రంట్ సైట్ వరకు ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలిచి, చీటీ మీద రాసుకుని కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ దూరంలో స్పష్టంగా కనిపించే అద్దం కావాలని చెప్పండి, ఇస్తారు.