ర్యాంపుతో పని అయిపోదర్రా

చిరంజీవులైన పిల్లలకు,

మీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెడితే నవ్వుతారు గనక నేరుగా విషయానికి వచ్చేస్తున్నాను.

మీరు గీసి పంపిన బొటానికల్ గార్డెన్ ప్లాను బాగుంది. గేటు దగ్గర ర్యాంపు, పక్కనే నీలం రంగు వీల్‌చైర్ గుర్తు, చెట్టుకో బ్రెయిలీ బోర్డు. "వికలాంగులు హాయిగా తిరగడానికి ఇవి చాలా తాతయ్యా?" అని అడిగారు. చాలవు. తోటపనిలోనే జీవితం గడిచినవాణ్ణి, ఆ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మీ ర్యాంపు సంగతి చూద్దాం. గేటు దగ్గర మూడు మెట్లు వేశారు. మెట్టుకి 6 అంగుళాల చొప్పున మొత్తం అడుగున్నర ఎత్తు. చాలా దేశాల నిబంధనల్లో ఉండే లెక్క 1కి 12. అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు కావాలి. ఆ లెక్కన మీ ర్యాంపు 18 అడుగులు ఉండాలి. మీరు గీసినది మెట్ల కంటే కాస్తంతే పొడుగుంది. దాని మీద ఒక్కరే చక్రాలు తోసుకుంటూ ఎక్కబోతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. తోసేవాళ్లు ఉంటారుగా అంటారేమో. ఎవరి సాయమూ లేకుండా రాగలగాలనే కదా ఇదంతా! నన్నడిగితే తోటలో ఆ 1కి 12 కూడా నిటారే. స్థలం ఉన్నచోట 1కి 20 పెట్టి, దారినే మెల్లగా మెలికలు తిప్పుతూ పైకి తీసుకెళ్లాలి. అప్పుడు ర్యాంపు వేరు, మెట్లు వేరు అనే గొడవే ఉండదు. అందరూ ఒకే దారిన పోతారు.

ఇక అసలు సంగతి. ఆఫీసుకో ఆస్పత్రికో ర్యాంపు కడితే పదేళ్లయినా దాదాపు అలాగే ఉంటుంది. తోట అలా కాదు, పెరుగుతుంది. నున్నగా పరిచిన ఇటుకల దారిని చెట్టు వేరు మెల్లగా పైకి లేపేస్తుంది. నీడ పట్టున నాచు పడుతుంది. పళ్లు రాలి చితికి దారంతా జారుడవుతుంది. అందుకే ఈ పని ఇంజనీరు కట్టేసి వెళ్లిపోయాక అయిపోదు. నీళ్లు పెట్టడం, కలుపు తియ్యడంతో పాటు తోటమాలి రోజూ చూసుకోవాల్సిన పనుల్లో ఇదీ ఒకటి. ప్రారంభోత్సవం రోజు ఫొటోలు బాగానే వస్తాయి. మూడేళ్ల తర్వాత వెళ్లి చూడాలి తోటని.

వీల్‌చైర్ ముందు చక్రాలను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? వెనక చక్రాలు పెద్దవి గానీ ముందువి అరచేతిలో పట్టేంత ఉంటాయి. వదులు కంకరలో, ఇసకలో అవే ముందు కూరుకుపోతాయి. అరంగుళం ఎత్తున లేచిన ఇటుక మనకు కనిపించను కూడా కనిపించదు. దానికి ఆ చిన్న చక్రం తట్టుకుందంటే కుర్చీ టక్కున ఆగుతుంది, మనిషి ముందుకు తూలతాడు. కాలవ మీద వేసే ఇనప జల్లెడలూ అంతే. సందు అరంగుళం దాటకూడదు. ఆ సందులు దారి పొడుగునా కాకుండా దారికి అడ్డంగా ఉండాలి. లేకపోతే చక్రమో చేతికర్రో అందులో ఇరుక్కుంటుంది.

చూపు లేనివాళ్ల ఇబ్బంది వేరు. వాళ్ల తెల్లకర్ర నేల మీద అటూ ఇటూ ఆడుతూ దారి చెబుతుంది. నడుముకు పైన ఉన్నది ఏదీ దానికి తగలదు. దారి మీదికి వాలిన కొమ్మ సరాసరి మొహానికే తగులుతుంది. దారి మీద కనీసం 6 అడుగుల 8 అంగుళాల ఎత్తు వరకు ఏమీ అడ్డం ఉండకూడదని నిబంధనలు చెబుతాయి. నేను మాత్రం 8 అడుగుల దాకా కత్తిరించమంటాను. వానకు తడిసి బరువెక్కిన కొమ్మ ఎంత కిందికి దిగుతుందో కొలబద్దకేం తెలుసు?

ఇక్కడొక చిక్కు ఉంది, మీరు క్లాసులో వాదించుకోవడానికి పనికొస్తుంది. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకి దారి అంచున గట్టు ఉండకూడదు. కర్రతో నడిచేవాళ్లకి ఆ గట్టే ఆనవాలు. గట్టు తీసేస్తే ఒకరికి దారి దొరుకుతుంది, ఇంకొకరికి దారి తప్పుతుంది. దీనికి మందు జపాన్‌లో దొరికింది. సెయీచి మియాకే అనే ఆయన 1965లో ఉబ్బెత్తు గుర్తుల పలకలు తయారు చేశాడు. 1967లో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర వీధిలో వాటిని మొదటిసారి పరిచారు. రైల్వే స్టేషన్లలో పసుపు పచ్చగా కనిపిస్తాయే, అవే. పొడుగు గీతలుంటే సాగిపొమ్మని, గుండ్రటి బొడిపెలుంటే ఆగి చూసుకోమని. పాదానికీ కర్రకీ తెలుస్తాయి. తోటలో చెరువు అంచున, మెట్ల ముందు, దారులు కలిసేచోట ఇవి ఉండాలి. వాటి మీద ఆకులు గుట్ట పడకుండా ఊడవాలి కూడా.

మీరు ఉత్సాహంగా వేసిన బ్రెయిలీ బోర్డుల దగ్గరికొస్తున్నాను. ఆరు చుక్కలతో అక్షరాలన్నీ రాయగలిగే గొప్ప లిపి అది. కానీ బోర్డు ఉందని చూపు లేని మనిషికి తెలిసేదెలా? దాని ముందు నేల గరుకు మారాలి, లేదా పక్కనున్న కమ్మీ చేతిని అక్కడికి తీసుకెళ్లాలి. ఇనప రేకు మీద రాసి ఎండలో పెడితే మధ్యాహ్నానికి వేలు ఆనించలేనంత కాలిపోతుంది. పిట్టలు రెట్ట వేస్తాయి, దుమ్ము పేరుకుంటుంది. అది తుడిచే బాధ్యత ఎవరిదో కూడా ప్లానులో రాయండి. పైగా పెద్ద వయసులో చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిలీ రాదు. వాళ్ల కోసం ఫోన్‌లో వినే వివరణ ఉండాలి. చూపు మందగించినవాళ్లకి తళతళ మెరవని బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలు కావాలి.

అసలు తోటకి వచ్చేది బోర్డులు చదవడానికి కాదుగా! చూపు లేని ఒకాయన మా తోటలో ఒక చెట్టు కాండం చుట్టూ రెండు అరచేతులూ తిప్పి, "ఇటు పక్క ఎండ పడదు కదూ" అన్నారు. నిజమే. ఆ పక్క బెరడు మీద పల్చగా నాచు, కాస్త చల్లదనం. రోజూ ఆ చెట్టు పక్కనుంచి వెళ్లే మాకెవరికీ అది పట్టలేదు.

అమెరికాలో బ్రూక్లిన్ బొటానికల్ గార్డెన్‌లో 1955లో ఇలాంటివాళ్ల కోసమే ఒక సుగంధాల తోట పెట్టారు. ఆలిస్ రెక్‌నాగెల్ ఐరీస్ అనే ఆవిడ దాన్ని రూపొందించింది. మొక్కలన్నీ కుర్చీలో కూర్చున్నవాళ్ల చేతికి అందే ఎత్తు మడుల్లో ఉంటాయి. తాకడానికి కొన్ని, ఆకు నలిపి వాసన చూడటానికి కొన్ని, పూలు కొన్ని. మధ్యలో నీటి ధార ఉంది. ఆకులు ముట్టుకున్న చేతులు అందులో కడుక్కోవచ్చు. చప్పుడును బట్టి తామెక్కడున్నారో కూడా పోల్చుకోవచ్చు.

ఇలాంటి మడి మీరూ గీయొచ్చు. రెండు, రెండున్నర అడుగుల ఎత్తు చాలు. వెడల్పు మాత్రం చెయ్యి చాచితే చివరి మొక్క అందేంతే ఉండాలి. కింద మోకాళ్లు పట్టే ఖాళీ వదిలితే ఇంకా మంచిది, పక్కకు తిరిగి మెడ తిప్పే అవస్థ ఉండదు. మొక్కల్లో తులసి, పుదీనా, నిమ్మగడ్డి లాంటివి ఎంచుకోండి. పూల వాసన పూసినన్నాళ్లే, ఆకు వాసన చాలా నెలలుంటుంది. కానీ అన్నీ పక్కపక్కనే కుక్కితే ఏది ఏదో తెలియదు, దూరదూరంగా నాటాలి. అత్తిపత్తి పెడదామని మీలో ఎవరో ఒకరు అంటారని నాకు తెలుసు. దానికి ముళ్లుంటాయి, జాగ్రత్త. గన్నేరు, ఉమ్మెత్త విషం. జెముడు పాలు కంట్లో పడితే మంట. ఇవి ఆ ఛాయలకే రాకూడదు. ముఖ్యంగా తాకే మడిలో పురుగుమందు కొట్టకూడదు. తోటమాలి మారినప్పుడల్లా ఈ మాట మళ్లీ చెప్పాలి. పది మంది చేతులు పడితే మొక్క వాడిపోతుంది కూడా. నర్సరీలో రెండో వరస కుండీలు సిద్ధంగా ఉంచుకుని మార్చుకుంటూ ఉండాలి.

వినికిడి లేనివాళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. తోట చూపించే గైడు ఎండకు వీపు పెట్టి నిలబడితే మొహం నల్లగా కనిపిస్తుంది, పెదవుల కదలిక తెలియదు. ఎదురు ఎండలో తను నిలబడాలి. సైగల భాష వచ్చినవాళ్లుంటే అంతకంటే కావాల్సిందేముంది. ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు ఉన్నట్టుండి వచ్చే పెద్ద చప్పుళ్లు భరించరానివి. గడ్డి కోసే మిషన్లు, మోటార్లు నడవని ఒక గంట రోజూ కేటాయించి, అది ఏ గంటో ముందే చెబితే వాళ్ల అమ్మానాన్నలకు టెన్షన్ తగ్గుతుంది.

బెంచీలు ఎక్కువ వెయ్యండి. వీపుకు ఆనిక, లేవడానికి చేతుల ఊత ఉన్నవి. ప్రతి బెంచీ పక్కన 3 అడుగుల చదును నేల వదలండి. వీల్‌చైర్‌లో వచ్చిన అమ్మాయి దారి మధ్యలో కాకుండా స్నేహితురాలి పక్కన కూర్చోవాలి. నీడ కూడా సోకు కోసం అనుకోకండి. వెన్నుపూస పై భాగంలో దెబ్బ తగిలినవాళ్లకి చెమట సరిగా పట్టదు, ఒళ్లు తొందరగా వేడెక్కిపోతుంది.

మీ ప్లానులో టాయిలెట్ లేదు. ఇది మీ ఒక్కరి అలవాటే కాదులెండి, పెద్దవాళ్ల ప్లానుల్లోనూ అది చివరికే గుర్తొస్తుంది. లోపల వీల్‌చైర్ గుండ్రంగా తిరగడానికి 5 అడుగుల జాగా ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. అది తాళం వేసి చీపుళ్లూ ఎరువు బస్తాలూ దాచుకునే గది కాకూడదు. నవ్వకండి, చాలాచోట్ల జరిగేది అదే.

"అలాంటివాళ్లు మా తోటకి పెద్దగా రారండీ" అని ఎవరైనా అంటే వినే ఉంటారు, ఇకముందూ వింటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సుమారు 130 కోట్ల మందికి, అంటే ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. రావడానికి వీల్లేక రాని మనిషిని చూసి, అక్కర్లేక రాలేదనుకుంటే ఎలా? వినోదంలో, విహారంలో వాళ్లకు సమాన హక్కుందని 2006లో ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనే రాసుకున్నారు, 30వ అధికరణలో.

వాళ్లు బయల్దేరే ముందే తెలుసుకోవాల్సినవి కొన్నుంటాయి. గేటు నుంచి తామర కొలనుకి ఎన్ని మీటర్లు, మధ్యలో ఎన్ని బెంచీలు, ఏ మలుపులో ఏటవాలు ఎక్కువ, ఎలక్ట్రిక్ వీల్‌చైర్ ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకోవచ్చు. ఇవన్నీ తోట మ్యాపులో ఉన్నదున్నట్టు రాయాలి. ఫోన్ చేస్తే చెప్పే మనిషీ ఉండాలి. వంతెన మరమ్మతులో ఉంటే ఆ సంగతి ఆ రోజే పెట్టాలి. "తోటంతా అందరికీ అనుకూలం" అని ఒక్క ముక్కలో తేల్చేసిన మ్యాపు కంటే, "వెదురు వనం దారిలో కంకర ఉంది, వీల్‌చైర్‌కి కష్టం" అని రాసిన మ్యాపే వాళ్లకి ఎక్కువ పనికొస్తుంది.

ఉంటాను మరి.

మీ
తాతయ్య