విడాకుల పిటిషన్ ఛార్జిషీటులా ఎందుకుంటుంది?

విడాకుల కోసం కోర్టులో వేసే మొదటి కాగితం చాలాసార్లు ఛార్జిషీటులా ఉంటుంది. ఎప్పుడు కొట్టాడు, ఎప్పుడు ఇల్లు వదిలి వెళ్లింది, అన్నీ తేదీలతో సహా. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషి మీద ఇంత రాయాలా అనిపిస్తుంది. ఈ రాతకు మూలం 1857 నాటి ఇంగ్లండు చట్టంలో ఉంది.

అంతకుముందు అక్కడ పూర్తి విడాకులు కావాలంటే ఆ ఒక్క జంట కోసం పార్లమెంటు విడిగా చట్టం చేయాల్సిందే. డబ్బున్న మగవాళ్లకే సాధ్యమైన పని అది. ఆ దారిలో విడాకులు దక్కిన ఆడవాళ్లు మొత్తం నలుగురే. 1857 చట్టం ఈ పనిని కోర్టుకు అప్పగించింది. భర్త పిటిషన్ వేస్తే భార్య వ్యభిచారం ఒక్కటి చూపితే చాలు. భార్యకు అది సరిపోదు, దానికి తోడు క్రూరత్వమో, వదిలేసి పోవడమో ఉండాలి. ఈ తేడా 1923లో గానీ పోలేదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. భార్యాభర్తలు ముందే కూడబలుక్కుని వచ్చారని తేలితే పిటిషన్ కొట్టేసేవారు. అంటే గొడవ లేకుండా విడిపోదామనుకుంటే అదే అడ్డంకి! దాంతో భర్త ఎవరో స్త్రీతో హోటల్ గదిలో ఒక రాత్రి ఉన్నట్టు నాటకమాడడం, పొద్దున టీ తెచ్చిన పనిమనిషిని సాక్షిగా చూపించడం 1920, 30ల్లో మామూలైపోయింది.

ఈ అచ్చునే 1869లో భారతదేశంలో క్రైస్తవుల కోసం తెచ్చిన విడాకుల చట్టానికి వాడారు. ఇంగ్లండు 1923లో వదిలించుకున్న ఆ తేడా ఇక్కడ 2001 దాకా నడిచింది.

నింద లేని పిటిషన్‌కు అమెరికాలో దారి వేసింది కాలిఫోర్నియా. 1970 జనవరి 1 నుంచి అక్కడ 'సర్దుకోలేని విభేదాలు' అని రాస్తే చాలు. ఇంగ్లండు మాత్రం ఆ మాట ఒప్పుకోవడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. చివరికి ఆ మార్పు రావడానికి ఒక భార్య కోర్టులో ఓడిపోవడం కూడా కారణం. గొడవ పెంచకుండా పిటిషన్‌ను మెత్తగా రాయడం అక్కడి లాయర్ల అలవాటు. ఆమెదీ అలాగే రాశారు, భర్త ఎదురు తిరిగాడు. తర్వాత 27 సంఘటనలు చూపించినా జడ్జికి అవి ఆనలేదు. 2018లో సుప్రీంకోర్టులోనూ ఆమె ఓడిపోయింది. చివరికి 2022 ఏప్రిల్ 6 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది: కారణం చెప్పక్కర్లేదు, ఇద్దరూ కలిసే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఉమ్మడి దరఖాస్తు విషయంలో మనమే ముందున్నాం. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలోనే అది ఉంది. హిందూ వివాహ చట్టంలోకి 1976లో వచ్చింది. కాకపోతే దానికి రెండు సంతకాలు కావాలి. రెండో సంతకం దొరకనివాళ్లు క్రూరత్వమో, వదిలేసి పోవడమో, ఏదో ఒక కారణం తేదీలతో సహా రాసుకోవాల్సిందే.