గురక ఆగిన వేళ

భీమవరం దగ్గర మా మామయ్యకు రెండు రొయ్యల చెరువులున్నాయి. పగలు ఎండలో ఆక్సిజన్ తయారుచేసే ప్లాంక్టన్ అనే సన్నని నాచు, చీకటిపడ్డాక రొయ్యలతో పాటు తానూ దాన్నే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకు అలారం పెట్టుకుని లేచి, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసి వస్తారు.

ఆయనకు డెబ్బై దాటాయి. గురక వీధిలోకి వినిపిస్తుంది. అత్తయ్యకు మెలకువ వచ్చేది మాత్రం అది ఆగినప్పుడే. "ఇరవై లెక్కపెట్టేదాకా మీ మామయ్యకు ఊపిరి ఉండదు నాయనా. తర్వాత ఒక్కసారి ఉలిక్కిపడి బుసకొడతారు" అంది.

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గాలిదారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఆపైన ఊపిరి ఆగితే అది స్లీప్ ఆప్నియా అనే నిద్రజబ్బు లెక్కలోకి వస్తుంది. ఊపిరి ఆగడమూ మందగించడమూ కలిపి గంటకు 30 సార్లు, ఆపైన అయితే తీవ్రమైనదే. కలలు ఎక్కువగా వచ్చే నిద్రదశలో కండరాలు మరీ వదులవుతాయి. ఆ దశ రాత్రి చివరి జాముల్లోనే ఎక్కువ. చెరువుకూ, చెరువు యజమానికీ గండం ఇంచుమించు ఒకే వేళ!

శరీర బరువులో మెదడు 2 శాతమే, వాడుకునే ఆక్సిజన్ మాత్రం 20 శాతం. పైగా నిల్వ ఉంచుకోదు. ఊపిరి ఆగినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మెదడు రక్తనాళాలు విచ్చుకుంటాయి, లాకు తలుపులెత్తినట్టు రక్తం ఎక్కువగా పారుతుంది. వయసుతో, బీపీతో, షుగరుతో బిరుసెక్కిన నాళాలు అంత చప్పున విచ్చుకోవు. అందువల్ల వేలికి పెట్టిన ఆక్సీమీటరు ఒకే అంకె చూపినా, ముప్పై ఏళ్ల మెదడుకు అందినంత డెబ్బై ఏళ్ల మెదడుకు అందకపోవచ్చు. ఆ తేడా చూడాలంటే నుదుటికి సెన్సరు అంటించాలి. పరారుణ కాంతి కొంత పుర్రె దాటి వెళ్లి వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్, మోయనిది ఆ కాంతిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. తిరిగొచ్చిన కాంతిని బట్టి మెదడులో ఆక్సిజన్ ఎంతో అంచనా కట్టొచ్చు. ఈ పద్ధతికి దారి చూపింది 1977లో ఫ్రాన్స్ జాబ్సిస్ అనే శాస్త్రవేత్త.

మామయ్య రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తారు. షుగరు వల్లే అనుకున్నారు. మూసుకున్న గొంతుతో గాలి లాగే పెనుగులాటలో గుండె పైగది సాగి, ఉప్పునూ నీటినీ బయటికి పంపే హార్మోనును వదులుతుందని ఆయనకెవరూ చెప్పలేదు.

1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివన్ అనే వైద్యుడు రోగుల ముక్కుకు మాస్కు తగిలించి, ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా చేశాడు. ఏరియేటరు లాంటిదే అన్నాను. మామయ్య నవ్వారు, నిద్ర పరీక్షకు ఒప్పుకున్నారు. ఆ రాత్రి చెరువు ఎవరు చూస్తారన్నదే ఇప్పుడాయన బెంగ.