వైద్యదేవుడి కర్రకు పాము ఒక్కటే

గ్రీకు శిల్పకళ పాఠాలు చెబుతుంటాను. డాక్టర్ల బోర్డుల మీద రెండు పాములు, రెండు రెక్కలు ఉన్న కర్ర కనిపించినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అపోహ: అది వైద్యదేవుడు ఆస్క్లెపియస్ కర్ర.

వాస్తవం: కాదు. అది హెర్మెస్‌ది. ఆయన దేవతల వార్తాహరుడు. వర్తకులకూ బాటసారులకూ దొంగలకూ దేవుడు. చనిపోయినవాళ్ల ఆత్మలను పాతాళానికి చేర్చేదీ ఆయనే. ఆసుపత్రి గుమ్మంలో ఆయనకేం పని? ఆస్క్లెపియస్ కర్రకు రెక్కలుండవు, చుట్టుకున్న పాము ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చిహ్నంలో ఉన్నది ఇదే. 1902లో అమెరికా సైన్యపు వైద్య విభాగం రెండు పాముల కర్రను తన గుర్తుగా పెట్టుకున్నాక ఈ గందరగోళం బాగా ముదిరింది.

మా బంధువులమ్మాయి క్లినిక్ తెరిచిన వారానికి ఫోన్ చేసింది. "బాబాయ్, నా బోర్డు మీద రెండు పాములున్నాయి. పేషెంట్లకు ఏమైనా దోషమా?" టెన్షన్‌తో గొంతు వణుకుతోంది. ఎవరో భయపెట్టారట. దోషమేమీ లేదమ్మా, రంగు వెలిశాక మార్పిద్దువులే అన్నాను. వినలేదు. బోర్డు, మందుల చీటీలు, ఫైళ్లు అన్నీ మళ్లీ అచ్చు వేయించింది. అప్పు చేసి పెట్టిన క్లినిక్ అది. అచ్చుకిచ్చే ముందు పాముల్ని ఒక్కసారి లెక్కపెట్టుకోండి, చాలు.

అపోహ: గడ్డం, కర్ర ఉంటే ఆస్క్లెపియస్ విగ్రహమే.

వాస్తవం: మ్యూజియం విగ్రహాల్లో చాలావాటికి చేతులు తర్వాతి కాలంలో అతికించినవే. చేతిలో ఏముందని కాదు, చంక కింద చూడండి. ఆయన పొడవాటి కర్రను చంకలో ఆనించుకుని నిలబడతాడు, అక్కడ వస్త్రం కుచ్చులుగా నలిగి ఉంటుంది.

అపోహ: మందుల షాపుల గుర్తులో పాము గిన్నెలో విషం కక్కుతోంది.

వాస్తవం: ఆస్క్లెపియస్ కూతురు హైజియా ఆ గిన్నెతో పాముకు ఆహారం పెడుతోంది. ఆ గుర్తు అక్కడిదే.

అపోహ: పాము అంటే చావు.

వాస్తవం: ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఆర్కినోస్ అనే వ్యక్తి ఒరోపోస్ గుడిలో మొక్కు చెల్లించిన రాతి ఫలకం ఉంది, క్రీ.పూ. 4వ శతాబ్దపుది. అక్కడి వైద్యదేవత అంఫియరాస్. శిల్పం నేపథ్యంలో ఆర్కినోస్ మంచం మీద నిద్రపోతుంటే పాము అతని భుజాన్ని నోటితో తాకి నయం చేస్తోంది. దాని ముందుభాగంలో అదే భుజానికి దేవుడు స్వయంగా చికిత్స చేస్తున్నాడు. కుడిపక్కన ఆర్కినోస్ చెయ్యెత్తి దణ్ణం పెడుతున్నాడు. ఫలకం పై అంచున రెండు కళ్లు చెక్కి ఉన్నాయి.