గుమ్మడికాయకి ఆవ పెట్టడం

కోనసీమ,
ధనుర్మాసం

చిరంజీవులైన పిల్లలకి,

ఆశీస్సులు. సంక్రాంతి దగ్గరపడింది. పొద్దున్నే గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు పెడుతున్నారు కదా, ఆ పాదుకి కాసిన కాయతో కూర చెయ్యడం కూడా ఈ సెలవుల్లో నేర్చుకోండి. గుమ్మడికాయ అనగానే మూతి ముడిచే పిల్లలు ఇంటికి ఒకరైనా ఉంటారు. తియ్యగా, ముద్దముద్దగా ఉంటుందంటారు. చింతపండు సమయానికి వెయ్యకపోయినా, ఆవని, అంటే నూరిన ఆవాల ముద్దని, పొయ్యి మీద పెట్టినా నిజంగానే అలా అవుతుంది. ఈ రెండు చోట్లా జాగ్రత్తపడితే చాలు. మిగతాదంతా సులువైన పనే.

ముందు కాయ సంగతి. మనం కూరకి వాడేది తియ్యగుమ్మడి, లోపల పసుపుపచ్చగా ఉండేది. వడియాలు పెట్టేదీ, దిష్టికి గుమ్మానికి కట్టేదీ బూడిదగుమ్మడి. అది వేరే జాతి. బూడిదగుమ్మడి ఆసియాదే. తియ్యగుమ్మడి మాత్రం అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1492లో కొలంబస్ అటు వెళ్ళాకే అక్కడి పంటలు సముద్రం దాటాయి. మిరపకాయ కూడా ఆ దారినే వచ్చింది. అంటే ఈ కూరలో ముక్కా కారమూ దూరపు చుట్టాలు, ఆవాలూ చింతపండూ బెల్లమూ అంతకు ముందు నుంచీ మన వంటింట్లో ఉన్నవి.

సంతలో ముదురు కాయే చూసి తీసుకోండి. తొడిమ ఎండి బెండులా ఉండాలి. పైతోలు మీద గోరు గుచ్చితే దిగకూడదు. చేత్తో ఎత్తితే చూపుకి మించిన బరువు తెలియాలి. కోసిన చెక్క కొంటుంటే లోపలి రంగు చూడండి. లేత నిమ్మపండు రంగులో ఉంటే చప్పగా ఉంటుంది. పండిన బొప్పాయి రంగుకి దగ్గరగా ఉంటే తీపి బాగా పట్టిందన్నమాట. ఆ రంగునిచ్చేది కెరోటిన్. మన ఒంట్లో అది ఎ విటమిన్‌గా మారుతుంది. నూనె తగిలితేనే అది ఒంటికి బాగా పడుతుంది, అందుకని పోపులో నూనె మరీ పిసినారితనంగా వెయ్యకండి.

కొయ్యని కాయ నెలల తరబడి నిలవ ఉంటుంది. కానీ మన డెల్టాలో నేల చెమ్మ ఎక్కువ. ఉత్త గచ్చు మీద పెడితే అడుగు మెత్తబడి కుళ్ళు పడుతుంది. అటక మీద గడ్డి పరిచి, ఒక కాయకొకటి తగలకుండా పెట్టాలి. తొడిమ పట్టుకుని ఎత్తకూడదు. అది ఊడిన చోటు నుంచే కుళ్ళు లోపలికి దిగుతుంది. కోసిన చెక్కైతే గింజలూ పీచూ తీసేసి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వండేయాలి.

పెద్ద కాయ కొయ్యడం మీ పని కాదు, పెద్దవాళ్ళని అడగండి. కొన్ని ఇళ్ళల్లో మొదటి పెట్టు మగవాళ్ళ చేత వేయించే ఆచారం ఉంది. ఆచారం ఎలా ఉన్నా, గుండ్రటి కాయ జారుతుంది, తోలు గట్టి, కత్తి బిగుసుకుపోతుంది. కింద తడిగుడ్డ పరిచి, కాయ కదలకుండా పట్టి, గాడి వెంట కోస్తే చెక్కలుగా విడిపోతుంది. చెక్కలయ్యాక మీరు అందుకోవచ్చు. ముప్పావు కిలో చెక్క తీసుకుంటే తోలూ గింజలూ పోను దాదాపు అరకిలో ముక్కలొస్తాయి, నలుగురికి సరిపోతాయి. దప్పళంలోకైతే తోలుతోనే వేస్తాం, ముక్క విడిపోకుండా అదే పట్టి ఉంచుతుంది. ఈ కూరకి ముదురు తోలు తీసేసి అంగుళం ముక్కలు తరగండి. ఇంతకంటే చిన్నవైతే చిదురైపోతాయి.

వండే ముందు ఒక పచ్చి పలుకు నాలిక మీద పెట్టి చూడండి. ఇది మరిచిపోకండి. ఎప్పుడైనా చేదు తగిలితే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. గుమ్మడి, సొర, దోస జాతుల్లో అరుదుగా కుకుర్బిటసిన్ అనే విషపదార్థం చేరుతుంది. ఉడికించినా పోదు, బెల్లం వేసినా పోదు. వాంతులూ విరోచనాలూ పట్టుకుంటాయి. మంచి గుమ్మడి ఎన్నడూ చేదుండదు.

ఇప్పుడు ఆవ. పొయ్యి వెలిగించకముందే ఇది నూరి పక్కన పెట్టాలి. టీ చెంచా నిండా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు చిన్న రోట్లో వేసి, ముందు పొడిగా నలపండి. ఆ పొడిని వాసన చూడండి, పెద్దగా ఏమీ ఉండదు. ఇప్పుడు రెండు చెంచాల చన్నీళ్ళు చిలకరించి మెత్తగా నూరండి. గోధుమరంగు పొడి పసుపుపచ్చటి ముద్దగా మారుతూ ఉంటుంది. మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఈసారి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఆవగింజలో ఘాటుకి మూలమైన పదార్థం ఒక అరలో, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకో అరలో ఉంటాయి. గింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. అందుకే ముద్దని పది నిమిషాలు అలా వదిలేయాలి. వేడినీళ్ళు పోస్తే ఎంజైము చచ్చిపోతుంది, ఘాటు పుట్టదు. పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయి గానీ ఘాటుగా ఉండకపోవడానికి కారణం కూడా ఇదే. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి. ఒకే బిగిని తిప్పితే వేడెక్కి ముద్ద చేదెక్కుతుంది.

ఉసిరికాయంత చింతపండు పావు గ్లాసు వేణ్ణీళ్ళలో నానేసి చిక్కటి గుజ్జు తీయండి. బాణలిలో ముక్కలు, అర గ్లాసు నీళ్ళు, పావు చెంచా పసుపు, చెంచాకి కొంచెం తక్కువ ఉప్పు, నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు నాలుగు వేసి, మూతపెట్టి మధ్యస్థంగా మంట పెట్టండి. నీళ్ళు తక్కువయ్యాయని ఇంకా పొయ్యకండి. గుమ్మడిలో ఉన్నదంతా నీరే, అదే బయటికొస్తుంది. ఎక్కువ పోస్తే అవి ఇగిరేలోపు ముక్క పులుసులో కలిసిపోతుంది.

ఏడెనిమిది నిమిషాలకి ఒక ముక్కలో చాకు మొన గుచ్చి చూడండి. పైన సులువుగా దిగి, మధ్యలో కాస్త అడ్డు తగలాలి. చింతపండు గుజ్జు పొయ్యాల్సింది అప్పుడే. ముక్కలో కణాలని అతికించి పట్టుకునే పెక్టిన్ వేడికి కరుగుతుంటే ముక్క మెత్తబడుతుంది. పులుపు ఆ కరగడాన్ని నిలబెట్టేస్తుంది. మొదట్లోనే పోస్తే ఎంత ఉడికినా నడుమ గట్టిగానే ఉంటుంది. బాగా ఆలస్యం చేస్తే ముద్దే మిగులుతుంది. చింతపండుతోపాటు చెంచాడు బెల్లం తురుము వెయ్యండి, కాయ బాగా తీపైతే సగం చాలు. మూత తీసి నాలుగైదు నిమిషాలు, ముక్కలకి గుజ్జు అంటుకునేదాకా ఉంచండి. గరిటె పెట్టి కలపకుండా, బాణలిని గుడ్డతో పట్టుకుని కుదిపితే సరి. పొయ్యి కట్టేయండి.

పోపుకి రెండు పెద్ద చెంచాల నూనె, ఉంటే నువ్వుల నూనె మేలు. కాగాక సెనగపప్పు, అది కొంచెం ఎర్రబడ్డాక మినప్పప్పు, చెంచాడేసి. తర్వాత అర చెంచా ఆవాలు, తుంపిన ఎండుమిరపకాయలు రెండు, చివర ఇంగువ, కరివేపాకు. పప్పులన్నీ ఒకేసారి వేస్తే మినప్పప్పు మాడి, సెనగపప్పు పచ్చిగా పంటికి తగులుతుంది. ఈ పోపు ముక్కల మీద పొయ్యండి.

వెంటనే ఆవ కలిపేయాలనిపిస్తుంది. ఆగండి. ఘాటు గాలిలో కలిసిపోయే గుణమున్నది, పొగలు కక్కే కూరలో కలిపితే ఆ పొగతోపాటే ఎగిరిపోయి అడుగున చేదు మాత్రం మిగులుతుంది. పావుగంట చల్లారనిచ్చి, బాణలి అంచు చేత్తో పట్టుకోగలిగినప్పుడు ఆవముద్ద వేసి, అట్లకాడతో అడుగు నుంచి పైకి రెండే రెండుసార్లు తిప్పండి. మూతపెట్టి గంట ఉంచితే ఆవ ముక్కకి పడుతుంది. మధ్యాహ్నానికి వండింది రాత్రికి ఇంకా బాగుంటుంది, కానీ మళ్ళీ వేడి చెయ్యకండి. కూర చల్లగా ఉన్నా పరవాలేదు, అన్నం పొగలు రావాలి, పక్కన ముద్దపప్పూ నెయ్యీ ఉండాలి.

ఆవ మరీ ఘాటైతే రెండు చెంచాల పచ్చికొబ్బరి తురుము కలపండి, మన ఊళ్ళో దానికేం కొదవ లేదు. పులుపు ఎక్కువైతే బెల్లం, తీపి ఎక్కువైతే ఇంకాస్త ఉప్పు. కూర మెత్తబడిపోయిందా, పారేయకండి. గుత్తితో పూర్తిగా మెదిపి, ఆవ తగ్గించి, పచ్చడిలా అన్నంలో కలుపుకోండి.

గింజలు కడిగి, పీచు వదిలేదాకా రుద్ది, రెండు రోజులు ఎండలో ఆరబెట్టండి. పైపొట్టు ఒలిస్తే ఆకుపచ్చటి పప్పు వస్తుంది. ఉత్త మూకుట్లో సన్నసెగ మీద, పప్పు ఉబ్బి చిటుక్కుమనేదాకా వేయించి, కాస్త ఉప్పు చల్లుకోండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ